నాన్న నడుం కొలత

ఒరేయ్ తమ్ముడూ,

మేం కులాసా. నడుం దగ్గర లూజు తీయమని నువ్వు పంపిన రెండు ప్యాంట్లూ అందాయి.

మధ్యాహ్నం కొట్లో ఎండ కుట్టుమిషన్ మీద వాలి, సుద్దపొడి మెల్లగా గాల్లో తేలుతుంటే, అద్దం ముందు నాన్న చేతులెత్తి నిలబడ్డట్టే అనిపించింది. పాత కొలతల పుస్తకం తీశాను. నాన్న నడుం ముప్పై ఎనిమిది, ఆర్నెల్లకి ముప్పై నాలుగు, ఆ తర్వాత ముప్పై ఒకటి. "కుర్రాడివైపోతున్నావు నాన్నా" అని నవ్వుతూ ప్రతిసారీ లూజు తీసింది నేనే. ఎందుకు తగ్గిపోతున్నావని ఒక్కసారీ అడగలేదు. తీరా చూస్తే క్లోమం క్యాన్సర్. మేనత్తదీ అదే.

నీకు కొత్తగా షుగర్ వచ్చిందన్నావు, బాగా తింటూనే చిక్కిపోయావు. అదే అయ్యుండాలని లేదు. అయినా డాక్టరుకి ఆ ఇద్దరి సంగతీ చెప్పి, ఈ వారమే స్కానింగ్ గురించి అడుగు. సిగరెట్లు ఇవాళే మానెయ్, సాకులు చెప్పకు.

మరదలి కళ్ళజోడు దొరికిందా? చంటిదాని గౌను పొడవు రాయమను.

ప్యాంట్లు ముట్టుకోకుండా వెనక్కి పంపుతున్నా. బెల్టు పెట్టుకుని డాక్టరు దగ్గరికి నడు. ఆ నడుం నిండేలా మళ్ళీ ఒళ్ళు చేసి చల్లగా ఉండు.

అక్క