అదే గోళీ

పానమసొంటి అక్కకు,

ఫోన్‌ల ఏడుపు తప్ప మాట రాలే, అందుకే రాస్తున్న. మా ఆయన గుండెపోటుతోని పోలే అక్కా. గుండె దడ తగ్గాలని డాక్టర్ చలపతిరావు ఇచ్చిన గోళీలే ఆయన పానం తీసినయ్. అవి మింగవట్టినంక కండ్లు తిరిగి, దుకాణంల పప్పు బస్తాల మీద పడ్డడు. నేను ఉరికిపోయి చెప్తే, 'అలవాటైతదమ్మా' అని, ఈసీజీ సుత తియ్యకుండ గోళీ పెంచిండు. మల్ల పడ్డోడు లేవలే. దడ తగ్గించే మందే ఒక్కోసారి గుండె లయ తప్పించి పానం తీస్తదని, పెంచినప్పుడు ఈసీజీ చూడాల్సిందని పట్నం డాక్టర్లు చెప్పిన్రు.

చలపతిరావేమో దినాల్ల అందరి ముందట 'ఆమెనే గోళీలు తప్పు ఇచ్చింది' అన్నడు. ఇగ మా అత్తకు నేను కొడుకును మింగినదాన్నే.

ఇప్పుడు విను. తన మందుల దోషం లేదని పటాన్‌చెరు బజారుకు చూపెట్టెతందుకు, గుండె దడ ఉన్న తన సొంత నాయన లక్ష్మీకాంతం సేటుకు అదే గోళీ పెట్టిండు. నిన్న మా ఎదురుంగనే ఉన్న వాళ్లింటి మెట్ల మీద ముసలాయన తూలిండు. 'కండ్లు తిరుగుతున్నయ్ బిడ్డా' అన్నడు. అదేందో నాకు తెల్సు. తలుపేసుకున్న. పడనీ. వాడు గూడ శవం పక్కన కూసోని ఏడ్వనీ. నువ్వు తిట్టినా సరే, నేను చెప్ప.

నీ చెల్లె,
స్నేహలత

అక్కా,

నీ జవాబు రాకముందే అయిపోయింది. నీకు రాసిన తెల్లారే పొద్దుగాల పాలకోసం బయటికొస్తే సేటు మెట్ల మీద పడి ఉన్నడు, చలపతిరావు ఇంట్ల లేడు, కోడలు మొత్తుకుంటున్నది. నిజం చెప్తున్న, ఇంట్లకు పోదామని వెనక్కి తిరిగిన. గని ఆయన కాళ్లు కొట్టుకుంటుంటే మా ఆయనే కనవడ్డడు. ఆటో ఆపి, ముసలాయన తల ఒళ్లె వెట్టుకొని దవాఖానకు తీస్కపోయిన. 'దడ గోళీ మింగుతున్నడు, దాంతోనే అయింది' అని గేటు కాడికెల్లే అరిచిన. కరెంటు షాక్ ఇచ్చి బతికిచ్చిన్రు, గోళీ బంద్ చేసిన్రు.

చలపతిరావు వచ్చి చేతులు జోడించిండు. 'నాయన పానం నిలవెట్టినవమ్మా, ఏం కావాల్నో అడుగు.'

'మా ఆయన ఎట్ల పోయిండో మా అత్త ముందట చెప్పు.'

'నా పేరు పోతదమ్మా.'

మంచం మీదికెల్లి సేటు అన్నడు: 'నువ్వు చెప్పకుంటే నేనే చెప్తరా.'

సేటు దవాఖానకెల్లి ఇంటికొచ్చినంక, నిన్న తండ్రీకొడుకులు ఇద్దరు మా ఇంటికొచ్చిన్రు. గోళీ పెంచింది తనేనని, నన్ను బద్నాం చేసింది గూడ తనేనని చలపతిరావు చెప్పిండు. మా అత్త లేచి ఆయన చెంప పగలగొట్టింది. నేను ఆపలే. పోయేటప్పుడు, 'పై వాళ్లకు కంప్లైంట్ ఇయ్యవు గద?' అని అడిగిండు.

'పొద్దున్నే ఇచ్చిన. సాక్షి సంతకం మీ నాయనదే' అన్న.

నీ స్నేహ