దుమ్ము మీదికి నెట్టిన ఆయాసం

నర్సింహులూ,

బతికుండగా మొగుణ్ణి పేరు పెట్టి పిలవలేదు. ఇవాళ కోపంతో పిలుస్తున్నాను.

పొద్దున నీ తమ్ముడు మల్లేశు రైసు మిల్లులో పని మధ్యలో వదిలేసి ఇంటికొచ్చాడు. ఒళ్లంతా చల్లటి చెమట, మాట మాటకీ ఆయాసం, చెయ్యి ఛాతీ మీద.

"ఊక దుమ్ము వట్టింది వదినె, ఇంత బెల్లం ఇయ్యి," అన్నాడు.

అదే మిల్లులో పనిచేసినన్నాళ్లూ నీదీ అచ్చం ఇదే మాట. దుమ్ముకు బెల్లమే మందని వాడికి నేర్పింది నువ్వే. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని నిద్రపోయేవాడివి. పాదాలు వాచినా బెల్లమే చప్పరించావు. ఆసుపత్రికి పోదామంటే నామీద అరిచావు.

వాడికి బెల్లం ఇవ్వలేదు. "నోరు మూస్కొని ఆటో ఎక్కు," అన్నాను.

రాయచూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ, "గుండెపోటమ్మా. జల్ది తెస్తివి, దక్కిండు," అన్నది.

సాయంత్రం మంచం మీంచి మల్లేశు అడిగాడు. "అన్నకొచ్చింది గూడ గిదేనా వదినె?"

"మీ అన్న చూపించుకుంటే గద తెలిసేది," అన్నాను.

రేపు నీ సంవత్సరీకం. నీకిష్టమైనవన్నీ విస్తట్లో పెట్టాలంటున్నారు. అన్నీ వండి పెడతాను. బెల్లం మాత్రం పెట్టను.