మనకంటే ఒకటి ఎక్కువ

డిసెంబరు 8, ఆదివారం

పాప ఇంటికొచ్చింది. నెల ముందే పుట్టినందుకు ఇరవై రెండు రోజులు హాస్పిటల్లో గాజు పెట్టెలో ఉంది. పుట్టినప్పుడు కేజీ ఎనిమిది వందలు. ఇవాళ రెండు కేజీల నూట యాభై.

అసలు నేను పుట్టింటికి వెళ్ళాలి. అమ్మకి అక్టోబరులో మోకాలి ఆపరేషన్ అయింది. స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో రెండో అంతస్తు. సిజేరియన్ స్టిచెస్‌తో నేను, వాకర్‌తో ఆవిడ, ఎవరిని ఎవరం చూసుకుంటాం? అందుకే పద్మనాభంలో అత్తగారింటికి. మా ఆయన సాయిశంకర్‌కి పోర్టులో షిఫ్టులు. మద్దిలపాలెంలో రూమ్ తీసుకున్నాడు. ఆదివారాలు వస్తాడు.

నర్సు సత్యశ్రీ చెప్పినవి మర్చిపోకముందే రాసుకుంటున్నాను. వెల్లకిలా పడుకోబెట్టాలి. నిద్రలో టోపీ వద్దు. మొహం మీదకి జారే దుప్పటి వద్దు. వేడిగా ఉందో చల్లగా ఉందో ఛాతీ మీద, మెడ వెనక చెయ్యి పెట్టి చూడాలి. చెమట ఉంటే ఒకటి తీసెయ్యాలి. ఎన్ని తొడగాలో తెలియకపోతే, మనం ఎన్ని వేసుకున్నామో దానికంటే ఒకటి ఎక్కువ. అంతే మేడమ్, చాలా ఈజీ అంది.

ఆమె చెప్తుంటే ఈజీగానే ఉంది.

డిసెంబరు 10, మంగళవారం

అత్తయ్య పాప కోసం అన్నీ రెడీ చేసి ఉంచింది. రెండు ఉలెన్ స్వెట్టర్లు, మంకీ క్యాప్, మేజోళ్ళు, పాత చీరలతో కుట్టిన బొంతలు రెండు. స్వెట్టర్లు తనే అల్లిందట. ఎంత ప్రేమగా అల్లిందో అల్లిక చూస్తే తెలుస్తుంది. అదే కష్టం. ప్రేమ లేని మనిషైతే గట్టిగా చెప్పేదాన్ని.

పాపకి అన్నీ ఒకదాని మీద ఒకటి తొడిగి, బొంతలో చుట్టి, ముక్కు కొస మాత్రం బయటికి ఉంచింది. నర్సు వద్దందని చెప్పాను.

"ఆయమ్మది ఏసీ గది. ఇది పద్మనాభం. సలికి పిల్ల బిగుసుకుపోద్ది," అంది.

డిసెంబరు 11

తీశాను. తొడిగింది. తీశాను. నేను స్నానం చేసి వచ్చేసరికి మళ్ళీ టోపీ.

డిసెంబరు 13, శుక్రవారం

పాప మెడ వెనక తడి. వీపు మీద ఎర్రగా పేలింది. అత్తయ్యకి చూపించాను. ఒంట్లో వేడి నిలిచిందన్నమాట, మంచిదే అంది.

సాయికి ఫోన్ చేశాను. క్రేన్ల చప్పుడులో సగం వినపడలేదు. అమ్మ మమ్మల్ని పెంచింది కదా, కాస్త సర్దుకో అన్నాడు. నేను సర్దుకోవచ్చు. పాప ఎలా సర్దుకుంటుంది?

డిసెంబరు 15, ఆదివారం

సాయి వచ్చాడు. ఇద్దరూ కరెక్టే అన్నాడు. ఆ మాటకి ఇద్దరికీ కోపం వచ్చింది.

ఇక ఊరుకోలేక తగరపువలస తీసుకెళ్ళమన్నాను. మూడు షాపులు తిరిగాం. నేను అడిగింది చేతుల్లేని సంచీ లాంటిది. మెడ దగ్గర సరిపోవాలి, కాళ్ళు లోపల ఆడాలి, పైకి జారకూడదు. వాళ్ళు చూపించినవి కుందేలు చెవుల టోపీలు, గడ్డం కింద ముడి వేసే తాళ్ళు, లోపల బొచ్చు ఉన్న సూట్లు. ఒకావిడ పాపకి జలుబు పట్టిస్తావా అని నన్నే తిట్టింది. స్టిచెస్ లాగుతుంటే బండి మీద వెనక్కి వచ్చాం.

చివరికి పక్కింటి పుష్ప తన మిషన్ మీద కుట్టింది, నా మెత్తటి శాలువా కత్తిరించి. చక్కగా కుదిరింది. అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పిల్లేటి బియ్యమా, సంచీలో యెయ్యడానికి?"

పుష్ప నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పాప అందులో మూడు గంటలు హాయిగా పడుకుంది.

డిసెంబరు 17, మంగళవారం, మధ్యాహ్నం

రాయాలి. లేకపోతే నాలోనే ఉండిపోతుంది.

భోజనాలయ్యాక పాప టోపీ తీస్తున్నాను. అత్తయ్య ఎదురుగా కూర్చుంది. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

"సాయి కంటే ముందు ఒకడు పుట్టినాడమ్మా. నీకు ఆడు సెప్పుండడు. ఆడికే సరిగ్గా తెలీదు."

మూడో నెల పిల్లాడట. మాఘమాసం. అప్పట్లో తాటాకు ఇల్లు. ఆ రాత్రి చలి బాగా ఉందని రెండు బొంతలు కప్పి, తల కూడా లోపలికి పెట్టి, తనకీ మామయ్యకీ మధ్యలో పడుకోబెట్టింది. తెల్లారి బొంత తీసి చూస్తే కదల్లేదు.

"జుట్టంతా తడిసిపోయి ఉన్నాది. పూరిల్లు గదా, మంచు దిగీసిందన్నారు మా అత్త. సలి తీసుకుపోనాది. నాను ఇంకో బొంత కప్పుంటే బతికీవోడు."

ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ మాటే అనుకుంటూ ఉంది. ఇంకో బొంత.

మంచు రెండు బొంతల లోపలికి దిగి జుట్టు తడపదు. అది చెమట.

నాకు ఆ క్షణంలోనే తెలిసింది. నా చేతిలో టోపీ ఉంది. ఏం చెయ్యాలో తోచక దాన్ని మళ్ళీ పాపకి తొడిగాను.

డిసెంబరు 18

చెప్తే నా పాప సేఫ్. చెప్తే ఈవిడ ఏమవుతుంది?

చెప్పలేదు.

డిసెంబరు 20, శుక్రవారం

ఏ ఒప్పందమూ లేకుండానే ఒక ఒప్పందం కుదిరింది. మెలకువగా ఉన్నప్పుడు టోపీ, స్వెట్టరు ఆవిడ ఇష్టం. నిద్రలో సంచీ, నా ఇష్టం. పాప పడుకోగానే నేను అవి తీసేస్తుంటే అత్తయ్య లేచి పెరట్లోకి వెళ్ళిపోతుంది. చూడ్డం ఆవిడ వల్ల కాదు పాపం.

స్టిచెస్ దగ్గర సలుపుగా ఉంది. ఆదివారం బండి ప్రయాణం వల్ల కాబోలు.

రేపు అత్తయ్య తగరపువలసలో వాళ్ళ చెల్లెలింటికి వెళ్తుంది. ఆవిడకి బాగోలేదట. ఒక్క రాత్రి ఉండి వస్తుంది.

డిసెంబరు 21, శనివారం, సాయంత్రం

చలి బాగా తగ్గింది. ఉక్కగా ఉంటే ఫ్యాన్ వేసుకున్నాను. నేను ఒక్క నైటీలో ఉన్నాను కాబట్టి పాపకి జుబ్బా, మీద పల్చటి ఫ్రాక్. సంచీ కూడా అక్కర్లేదు. మొదటిసారి నా లెక్క ప్రకారం, ఎవరి అడ్డూ లేకుండా.

డిసెంబరు 24, మంగళవారం, హాస్పిటల్

చలి తగ్గలేదు. నాకు జ్వరం.

కుట్టు లోపల చీము పట్టిందట. శనివారం నా ఒళ్ళు నూట రెండు డిగ్రీల జ్వరంతో కాలిపోతుంటే నేను ఉక్క అనుకున్నాను. ఫ్యాన్ కింద పడుకున్నాను. మామయ్య పక్క గదిలో రగ్గు కప్పుకునే ఉన్నారు. ఆయన గదిలోకి ఒకసారి తొంగిచూసి, ఫ్యానేటమ్మా అన్నారు కూడా. పర్లేదన్నాను.

ఆదివారం పొద్దున్న మామయ్య పొలానికి వెళ్ళాక లేచాను. పాప పడుకునే ఉంది. రాత్రంతా ఒక్కసారీ ఏడవలేదు, ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను. పాలకి ఎత్తుకుంటే నోరు తెరవలేదు. నిద్రలే అనుకుని మళ్ళీ పడుకోబెట్టాను. అలా అనుకున్నాను నేను. ఇది చెరిపెయ్యకూడదు.

ఏడింటి బస్సుకి అత్తయ్య వచ్చింది. ఫ్యాన్ చూసింది. పాప ఫ్రాక్ లోపల చెయ్యి పెట్టింది. ఫ్యాన్ ఆపి, రవిక హుక్కులు తీసి, పాప బట్టలన్నీ విప్పి తన గుండెకి ఆనించుకుంది. మీద చీర, దాని మీద శాలువా. మొహం మాత్రం బయటికి ఉంచింది. నేను చెప్పకుండానే. తర్వాత వీధిలోకి వెళ్ళి ఆటో నడిపే తిరుమలరావుని బండి తియ్యమంది.

సిటీ వచ్చేదాకా ఆటోలో ఆవిడ కదల్లేదు. గతుకులు వచ్చినప్పుడు రెండు చేతులూ పాప వీపు మీద బిగించింది. నేను పక్కన వణుకుతూ కూర్చున్నాను. పాప ఊపిరి చూడమని అడగాలంటే భయమేసింది.

హాస్పిటల్లో పాప టెంపరేచర్ ముప్ఫై ఐదు పాయింట్ రెండు సెల్సియస్, కనీసం ముప్ఫై ఆరున్నర ఉండాలట. ఆటో ఎక్కేముందు ఇంకా తక్కువ ఉండేదట. గుండెకి ఆనించి తెచ్చినవాళ్ళు బతికించారు అన్నాడు డాక్టరు. ఎవరని అడిగితే అత్తయ్య చెయ్యెత్తింది, స్కూలు పిల్లలా.

తను నన్ను తిట్టాల్సింది. వార్డులో నాకు గంజి తాగించింది.

డిసెంబరు 26, గురువారం, హాస్పిటల్

పాప పాలు తాగుతోంది. రేపు పంపిస్తారు.

సత్యశ్రీ వచ్చి ఈసారి అత్తయ్యని కూర్చోబెట్టి చెప్పింది. చలి ఎంత ప్రమాదమో, మరీ కప్పెయ్యడం అంతే ప్రమాదం అమ్మా అని. మొహం మీద బట్ట పడితే లోపల వేడెక్కిపోతుంది, గాలి ఆడదు, చిన్నపిల్లలు పక్కకి తిప్పుకోలేరు, ఏడవను కూడా ఏడవరు, నిద్రలోనే అయిపోతుంది.

ఆపు అని అరవాలనిపించింది. ఏమని ఆపమంటాను? నా చేతికి సెలైన్. అత్తయ్య ఒద్దిగ్గా వింటోంది. ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"అలగయితే, పిల్లల జుట్టు తడుస్తాదేటమ్మా?"

సత్యశ్రీ ఫైల్లో రాసుకుంటూ తల ఎత్తకుండానే చెప్పింది. తడుస్తుంది కదమ్మా చెమటకి, ముందు తల దగ్గరే తెలుస్తుంది అని.

"అవునా," అంది అత్తయ్య.

లేచి వరండాలో కుళాయి దగ్గరికి వెళ్ళింది. చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. ఇక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది.

సాయంత్రం సత్యశ్రీని పక్కకి పిలిచి, పేరు చెప్పకుండా ఆ పిల్లాడి గురించి అడిగాను. అప్పటి సంగతి ఇప్పుడెవరూ చెప్పలేరు మేడమ్, ఏ కారణం లేకుండా పోయే పిల్లలూ ఉంటారు అంది. ఆ మాటే అత్తయ్యకి మోసుకెళ్ళి చెప్పాను. విని, నువ్వు పడుకోమ్మా అంది.

డిసెంబరు 29, ఆదివారం

ఇంట్లో మాటలు లేవు. సాయి ఎందుకలా ఉంది అమ్మ అని నన్ను అడిగాడు. జర్నీ వల్ల అన్నాను.

బొంతలు రెండూ పెరట్లో దండెం మీద ఉన్నాయి. ఉతికింది. ఆరిపోయినా లోపలికి తేలేదు.

పాపని ఒళ్ళో పెట్టుకున్నాను. ఆవిడ బియ్యం ఏరుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఆ పిల్లోడి కత సెప్పిననాడే నీకు తెలిసిపోనాది. కదేటి?"

లేదత్తయ్యా అన్నాను.

జనవరి 1

ఎక్కడ పడితే అక్కడ హ్యాపీ న్యూ ఇయర్. అత్తయ్య పాపని ముద్దాడుతుంది, ఎత్తుకుంటుంది, పాట పాడుతుంది. బట్టల జోలికి మాత్రం రాదు.

జనవరి 4, శనివారం

పాప స్నానం అయ్యాక చెప్పేశాను. అవును అత్తయ్యా, ఆ రోజే తెలిసింది.

తలూపింది. నువ్వే తొడుగమ్మా అంది. నేను తొడుగుతున్నంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి చూసింది, చేతులు రెండూ పమిట లోపల పెట్టేసుకుని.