నీ ఉతకని అంగి

బావా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది.

తెలంగాణ సమ్మెల దవాఖాన బందై, పిల్లలు కాకుండ నేనేసుకునే గోలీలు దొరకలే, యాదికున్నదా? అవి ఆగినంక నీ వాసనే నాకు పరాయిదైంది. డోర్నకల్‌ల పట్టాల పని జేసొచ్చి నువ్వు మంచం మీద కూసుంటే, మంచం కిర్రుమనేటట్టు దూరం జరిగిన. "నేనేం జేసిన?" అన్నవ్. గోలీలు ఆగినందుకే అని అప్పుడు నాకే తెల్వకపాయె. ఆ వారమే జరమొచ్చి పోయినవ్.

పోయిన నెల దవాఖాన సిస్టరమ్మను మళ్ల గోలీలడిగిన. "మొగడు లేని నీకెందుకే?" అన్నది. గోలీలు తీస్కొని కొంగుల ముడేసుకున్న.

దినాం మింగిన. ఇయ్యాల పొద్దుగాల మంచం మీద కూసోని, ఉతకకుండ దాచిన నీ అంగిని మొఖానికి పెట్టుకున్న. మునుపటి వాసనే బావా, నా ప్రాణం లేచొచ్చింది. "జర దగ్గరికి రా" అన్న.

నా పక్కన మంచం కిర్రుమన్నది, నువ్వు దూరం జరిగినట్టు.