గ్యాసు బుగ్గలు దించినా రాడార్‌లో కనిపిస్తున్న చుక్కల గురించి

రాడార్ విచారణ అధికారి గారికి,
క్యాంపు: ఆర్మూర్.

అయ్యా,

విషయం: గుర్తు తెలియని ఎగిరే వస్తువుల కేసులో తమ మిలటరీ బృందం తీసుకపోయిన రైతు భూమేష్‌ను విడిచిపెట్టుట గురించి.

మోర్తాడ్ వాస్తవ్యుడను, పసుపు రైతును, ఇరవై ఏండ్లుగా ఊరూరా మూఢనమ్మకాల మీద కొట్లాడుతున్న గంగాప్రసాద్ అను నేను విన్నవించుకొనునది:

1. సోమవారం పొద్దుగాల భూమేష్ కల్లంల పసుపు ఆరబోస్తుండగా తమ వాళ్లు జీపెక్కించినారు. నేటికి నాలుగో దినము. ఎక్కడ ఉంచినారో చెప్పుటలేదు. ఉడకబెట్టిన పసుపు నేల మీదనే ఉన్నది, పైన వాన మొగులు పట్టింది. భార్య గంగామణి ఒక్కతే తిరగేస్తున్నది.

2. అతని ఫోన్‌లో అరబ్బీ అక్షరాలున్నవని అనుమానించినారు. దుబాయ్‌లో ఆరేండ్లు క్రేన్ నడిపిన మనిషి ఫోన్‌లో మరేముంటయి? అదే నేరమైతే మా మండలంల ఇంటికొకర్ని జీపెక్కించాలె. జీపులు చాలవు.

3. తమ రాడార్‌లో కనిపించిన ఐదు చుక్కలు భూమేష్ మక్కచేను మీది ఐదు గ్యాసు బుగ్గలు, అనగా బెలూన్లు, అని మనవి. ఎన్నికలప్పుడు పార్టీలోళ్లు ఎగరేసి మరిచిపోయినవి. చిలుకలు బెదరడానికి మెరిసే రేకు చుట్టి కట్టినము. భూమేష్ దిష్టిబొమ్మ పెడతనంటే, వద్దు, సైన్సు వాడుమని వాదించింది నేనే. శిక్ష ఉంటే నాకు వెయ్యండి.

4. నిన్న పగటీలి తమరి కండ్ల ముందటనే ఐదు బుగ్గలూ దించి, గాలి తీసి, తమ జీపులో వేసినము. అప్పుడే రాడార్ కాడి నుంచి తమరికి ఫోనొచ్చింది. స్పీకర్ పెట్టినందున నేనూ విన్న. ఐదూ అట్లనే ఉన్నయట. ఇంకోటి కలిసి ఆరయినయట. తమరు పైకి చూసినారు. నేనూ చూసిన. ఏమీ లేదు. తమరు స్పీకర్ బందు చేసి జీపెక్కినారు.

5. కావున తర్కము ఇది: భూమేష్ తమ నిర్బంధంలో ఉన్నడు. బుగ్గలు తమ జీపులో ఉన్నయి. అయినా చుక్కలున్నయి. అంటే అవి అతనివి కావు. మరి ఎవరివి? అది చెప్పే బాధ్యత సర్కారుది, రైతుది కాదు.

దయ్యం లేదు, చేతబడి లేదు అని వెయ్యిమంది ముందు మైకు పట్టిన గొంతు నాది. నిన్నటి నుంచి చేన్లకు పోవాలంటే కాళ్లు వస్తలేవు. గంగామణికి ఆ భయం లేదు. "పైన ఏమున్నదో నాకెందుకన్నా. మా ఆయన యాడున్నడో గది చెప్పుమను," అన్నది. నా ఇరవై ఏండ్ల ఉపన్యాసాల కంటే ఆ మాట సూటిగ ఉన్నది.

కనుక ముందు భూమేష్‌ను కల్లం కాడ దించి, ఆ తరువాత ఆకాశం సంగతి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గంగాప్రసాద్

తా.క.: అర్జీ ఇద్దామని వచ్చినము. క్యాంపు గేటుకు తాళమున్నది. తెల్లారంగనే సామాను సుత ఇడిచిపెట్టి అందరూ పోయిండ్రని వాచ్‌మెన్ ఎంకటి చెప్తున్నడు. జీపుల భూమేష్ ఉన్నడా అంటే, చూడలేదన్నడు. అయ్యా, మీరే గిట్ల ఉరికితే మేమెవరికి మొర పెట్టుకోవాలె? గంగామణి నా పక్కనే నిలబడ్డది. సార్లు ఏమన్నరు అన్నా అని అడుగుతున్నది. ఏం చెప్పాలె?