కరిచే గోల్ఫ్ బూట్లు

ఏవండీ,

డ్యూటీకి వెళ్తున్నా. ఆ గోల్ఫ్ బూట్లు ఈ సాయంత్రమే మార్చుకొచ్చేయండి. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, అసలు కొలత అప్పుడే తెలుస్తుంది. ఆటకి వేసుకునే మందం సాక్సులతోనే తొడిగి చూడండి. వేళ్లు కదలాలి, మడమ జారకూడదు. ఆదివారం సరదా ఆటకి అడుగున రబ్బరు బొడిపెలున్నవి చాలు. మీ మేనేజరు బూట్లు చూసి మోజుపడకండి, నడవాల్సింది మీ కాళ్లు.

షాపువాడు తిరిగి తీసుకుంటాడు, అడుగున మట్టి అంటలేదు. మనిద్దరిదీ ఒకే సైజు కదా, కాస్త వదులైతే మిమ్మల్ని కరవవని రోజూ ఇంట్లో నేనే వేసుకుని తిరిగాను. వదులవలేదు.

మరిచిపోయా, వచ్చేటప్పుడు మందుల షాపులో ప్లాస్టర్లు తీసుకురండి. నిన్న నేను కుంటుకుంటూ టీ తెచ్చిస్తే, "చల్లారిపోయిందే" అన్నారు.