కిరణ్ ఆట ఆగిపోయింది

ఏవండీ,

మీరు పోయాక మన కిరణ్ ఐస్ హాకీనే ఉద్యోగంగా చేసుకున్నాడు. ఇప్పటికీ డిఫెన్స్‌లోనే ఆడతాడు. "గోల్ కొట్టేవాణ్ణి ఊరంతా చూస్తుంది, ఆపేవాణ్ణి మనం చూద్దాం" అంటూ మీరు వాణ్ణి ప్రతి శనివారం మన డ్రోహెడా నుంచి బెల్‌ఫాస్ట్‌లోని మంచు రింకుకి ఆడించడానికి తీసుకెళ్లేవారు కదా.

నిన్న మ్యాచ్‌లో అవతలివాడు గుద్దితే వాడి తల వెళ్లి రింకు గోడకు కొట్టుకుంది. ఇలా దెబ్బ తగలడం ఇది మూడోసారి. ఇక ఎప్పటికీ ఆడకూడదని ఆసుపత్రిలో డాక్టరు నాతో చెప్పేశారు. వాడికింకా తెలియదు.

పొద్దున కళ్లు తెరిచి, "ఐయామ్ గ్రాండ్, అమ్మా" అంటూ బాగానే ఉన్నానని చెప్పి, "డిడ్ యూ రింగ్ డాడ్?" అని అడిగాడు.

మీరు లేరన్న సంగతి ఆ దెబ్బకి మర్చిపోయాడు.

"ఫోన్ చేశాను కన్నా. బయల్దేరారు" అన్నాను.

వాడు నిశ్చింతగా కళ్లు మూసుకున్నాడు. లేచాక రెండు సంగతులూ నేనే చెప్పాలి.